జవాబు ఎవరు చెప్పాలి?

ఈ మధ్య ఒక ఆదివారం మేం నలుగురం నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరికి పోయాం. అక్కడి సాహిత్య మిత్రులు సభ పెట్టారు. సోషల్ మీడియా ద్వారా మనుషులు ఎట్లా దగ్గరవుతారు అన్నది విషయం. ముస్లిం రచయితలుగా మమ్మల్ని పిలిచారు. పిలిచినవాళ్ల ప్రేమ మీద మాకేం అనుమానం లేదు. బస్టాండుకు మోటారు సైకిళ్లు తెచ్చి ఎక్కించుకుపోయారు. మేం పోయేసరికే గ్రంథాలయం హాలు నిండి వుంది. టీచర్లు, డిగ్రీ చదివే పిల్లలు, దుకాణాలవాళ్లు, ఇద్దరు ముగ్గురు పాత కమ్యూనిస్టులు, వెనక వరసలో బురఖాల్లో కాలేజీ అమ్మాయిలు. ఇన్ని రకాల మనుషులు ఒక కప్పు కింద కూచుని మాట్లాడుకోవడమే ఈ రోజుల్లో పండగ.

సభ మొదలవుతూనే గోడకు ఒక కాగితం అంటించారు. దాన్ని ఫోనుతో స్కాన్ చేస్తే సభ వాట్సాప్ గ్రూపులో చేరిపోతాం. పావుగంటలో వందమందికి పైగా చేరారు. "చూశారా, అప్పుడే మనమంతా కనెక్ట్ అయిపోయాం" అన్నాడు హైదరాబాద్ నించి వచ్చిన వక్త. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

మధ్యాహ్నం భోజనాలు. వంకాయ కూర, పప్పుచారు, పెరుగు. వడ్డించే తమ్ముడొకడు మా వరసలోకి మళ్లీ మళ్లీ వచ్చాడు. "ఇంకింత ఏసుకోన్రి అన్నా, దూరం నుంచొచ్చిన్రు" అని బతిమాలి మరీ పెట్టాడు. చేతులు కడుక్కుని ఫోన్లు తీసేసరికి గ్రూపులో ఒక వీడియో వుంది. ఎప్పటిదో, ఎక్కడిదో తెలీదు. టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, పళ్ల బండి. కింద రాత: వీళ్లు పళ్ల మీద ఉమ్మేసి అమ్ముతున్నారు, వీళ్ల దగ్గర కొనకండి, పదిమందికి పంపండి. పంపిందెవరా అని చూశాం. ఇందాక మాకు పెరుగు పోసిన తమ్ముడే.

హాల్లో అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. అందరూ చూశారు. కొందరు మా వైపు చూసి చూపు తిప్పుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. పది నిమిషాల తర్వాత వీడియో మాయమైంది. మెసేజ్ డిలీట్ అయిందన్న గుర్తు మాత్రం మిగిలింది. మధ్యాహ్నం సభ అనుకున్న టైముకే మొదలైంది. విషయం, మనుషుల మధ్య సంబంధాలు.

ఈ వ్యాసం ఆ పది నిమిషాల గురించి. ఆ తమ్ముడి మీద ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు. అతను చెడ్డవాడైతే మా పని తేలికయ్యేది. చెడ్డవాడు కాదు కనకనే ఈ ప్రశ్న మమ్మల్ని తొలుస్తోంది. ఒక జాతి మీద అబద్ధం వందమంది ముందుకు వచ్చినప్పుడు జవాబు ఎవరు చెప్పాలి? నింద పడినవాళ్లా? పంపినవాడా? చూసి ఊరుకున్నవాళ్లా?

*

అన్నింటికీ ఫోన్లే కారణం అని మాట్లాడేవాళ్లతో మేం లేం. వెనకటి రోజులన్నీ బంగారం, పీర్ల పండక్కి అన్ని కులాలూ కలిసి ఎగిరేవి, ఈ సెల్లులొచ్చి అంతా చెడగొట్టాయి అని ఆ సభలో ఒక పెద్దమనిషి బాధపడ్డాడు. పీర్ల గుండం చుట్టూ అందరూ ఆడిన మాట నిజమే. పీరును ఎత్తుకున్నవాళ్లలో హిందువులున్న మాటా నిజమే. మా ఇళ్లలో కిరాయికి గది లేదన్న మాట కూడా అప్పటిదే. హోటల్లో మా పేరు చెప్పగానే వేరే గ్లాసు వెతికిన చేతులూ అప్పటివే. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ కత్తులకు బలైనప్పుడు ఎవరి జేబులోనూ సెల్లు లేదు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు గుమ్మటాలు కూలినప్పుడూ లేదు. క్రికెట్ మ్యాచిలో ఎవరు గెలిస్తే మేం సంతోషిస్తామన్న ప్రశ్నను ఏ యంత్రమూ కనిపెట్టలేదు. ఆ అనుమానం ఎంత పాతదో 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' చెప్పింది. 1998లో 'జల్‌జలా' కవులు చెప్పారు.

అయితే ఒక తేడా వుంది. అప్పుడు పుకారుకు ఒక నోరుండేది. ఛాయ్ హోటల్లో ఎవడో ఒకడు చెప్పాలి. వాడి మొహం కనిపించేది. "నువ్వు చూసినవా?" అని అడగడానికి ఒక మనిషి ఎదురుగా వుండేవాడు. "చూసిన" అన్నాడంటే ఆ అబద్ధం వాడిది. "ఎవరో చెప్తే విన్న" అన్నాడంటే దాని బలం సగం అక్కడే పోయేది. ఇప్పుడు ఫార్వర్డ్ అనే మీట నొక్కినవాడు తను ఆ మాట అన్నట్టే అనుకోడు. పోస్టుమాన్ అనుకుంటాడు. చేతులు మారిన కొద్దీ మాటకు యజమాని లేకుండా పోతాడు. కోటిమంది చేరవేసిన మాటకు ఒక్కడు కూడా బాధ్యుడు కాడు. ఈ పని ఇంత చవగ్గా ఇదివరకు ఎప్పుడూ జరగలేదు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక ఇంటర్నెట్టు చిన్న ఊళ్లలో కూలిజనం చేతిలోకి కూడా వచ్చింది. అది మంచి పనే. మా పిల్లలు దానిమీదే చదువుకుంటున్నారు. దుబాయి నించి, సౌదీ నించి నాన్నలు దానిమీదే పిల్లల మొహం చూసుకుంటున్నారు. ఆ దారినే పుకారు కూడా ఖర్చులేకుండా నడిచింది.

2018లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఆ ఏడాది ఎన్నో రాష్ట్రాల్లో వీడియోలు తిరిగాయి. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో ఐదుగురిని జనం కొట్టి చంపారు. వాళ్లు నాథ్ గోసావీలు. ఊరూరా తిరిగి అడుక్కుని బతికే సంచార జాతి. జులై 13న బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాద్‌కు చెందిన ఒక యువ ఇంజనీరును చంపారు. స్నేహితులతో పోతూ దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే వాళ్లు చేసిన తప్పు. అతను ముస్లిం. రైన్‌పాడలో చనిపోయినవాళ్లు ముస్లింలు కారు. అబద్ధానికి జవాబు లేని చోట అది మొదట ఎవరి గుమ్మంలోకి పోతుందో ముందు చెప్పలేం. ఊళ్లో చుట్టంలేనివాడి మీదికి, పక్కన నిలబడేవాడు లేనివాడి మీదికి పోతుందని మాత్రం చెప్పగలం.

అదే ఏడాది మన జోగులాంబ గద్వాల జిల్లాలో కూడా ఆ పుకార్లే వచ్చాయి. అక్కడ ఎస్పీగా వున్న రెమా రాజేశ్వరి ఒక పని చేశారు. ఊళ్లకు కానిస్టేబుళ్లను బాధ్యులుగా పెట్టారు. వాళ్లు ఇంటింటికీ పోయి మాట్లాడారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. డప్పు కొట్టి పాటలు కట్టి ఆ వీడియోలు అబద్ధమని ఊరి నడిబొడ్డున చెప్పించారు. ఇందులో కొత్త యంత్రమేమీ లేదు. పేరున్న ఒక మనిషి, మొహమున్న ఒక మనిషి ముందుకొచ్చి, ఇది అబద్ధం, ఈ మాటకు నేను జవాబుదారీ అన్నాడు. అంతే. ఆ నెలల్లోనే వాట్సాప్ కంపెనీ ఫార్వర్డ్ మెసేజ్‌కు గుర్తు పెట్టింది. ఇండియాలో ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్‌లో చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చోటికే పంపేట్టు చేసింది. ఈ కట్టడులు మంచివే. కానీ మీట ఎన్నిసార్లు నొక్కాలో కంపెనీ చెప్పగలదు, నొక్కాలా వద్దా అన్నది మాత్రం మనిషే తేల్చుకోవాలి.

*

సభలో ప్రశ్నల సమయం ఇచ్చినప్పుడు ఇద్దరు మావాళ్లు లేచారు.

మొదట ఒక దర్జీ చిచ్చా. వాళ్ల అబ్బాయి దుకాణం ఫొటోలు ఫోన్లో పెట్టి గిరాకీ పెంచుతానంటున్నాడట. "పెడితే మంచిదే సాబ్. గని బోర్డు మీద నా పేరుంటది. పేరు కనబడేటట్టు తియ్యాల్నా, కనబడకుండ తియ్యాల్నా?" అని అడిగాడు. హాలు నవ్వింది. వక్త కూడా నవ్వి, "బ్రాండ్ నేమ్ ఏదైనా పెట్టుకోండి, క్యాచీగా వుంటుంది" అన్నాడు. చిచ్చా నవ్వలేదు. కూచున్నాడు. ఆయన అడిగింది బ్రాండు గురించి కాదు. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారి పొడవునా దుకాణాల యజమానులు పేర్లు రాసి పెట్టాలని ఆదేశాలొచ్చాయి. జులై 22న సుప్రీంకోర్టు వాటి మీద స్టే ఇచ్చింది. ఆ ముసలాయనకు ఈ తేదీలు తెలిసినా తెలియకపోయినా పేరు బరువు తెలుసు. ప్రపంచమంతా తన పేరు అందరికీ కనబడాలని తాపత్రయపడుతుంటే, తన పేరు ఎంత మేరకు కనబడితే నష్టం లేదా అని లెక్క వేసుకోవాల్సిన మనిషి ఆయన.

తర్వాత వెనక వరసలో ఒక అమ్మాయి. ఫొటో పెట్టుకోవచ్చా అని అడిగింది. అడగడానికి కారణం వుంది. 2021 జులైలో 'సుల్లీ డీల్స్' అని, 2022 జనవరి 1న 'బుల్లీ బాయ్' అని రెండు యాప్‌లు వచ్చాయి. గొంతెత్తి మాట్లాడే ముస్లిం స్త్రీల ఫొటోలు వాళ్లకు తెలియకుండా తీసుకుని వేలానికి పెట్టినట్టు చూపాయి. అమ్మకం ఏమీ జరగలేదు. అవమానించడమే వాటి పని. కొత్త సంవత్సరం పొద్దున లేచి తన మొహం వేలంలో చూసుకున్న మనిషికి కనెక్ట్ అవడం అన్న మాట ఎట్లా వినిపిస్తుంది? వక్త ఆ అమ్మాయికి నాలుగు జాగ్రత్తలు చెప్పాడు. ప్రొఫైల్‌కు తాళం వేసుకోండి, తెలియనివాళ్లను రానీయకండి. మంచి మాటలే. ఇంట్లో అబ్బా, బడే భాయ్ కూడా ఇవే చెప్తారు. అంతకంటే గట్టిగా, ఫోనే వద్దంటారు. బయటివాడు అవమానిస్తాడు, లోపలివాడు తలుపేస్తాడు. ఇద్దరి మధ్యా ఆ అమ్మాయి గొంతు మూతపడుతుంది. జాగ్రత్తలన్నీ దెబ్బ తినేవాళ్లకు చెప్పి, కొట్టేవాళ్లకు ఏమీ చెప్పని సమాజం ఎవరిని ఎవరితో కలుపుతున్నట్టు?

ఈ రెండు ప్రశ్నల్లోనూ మాకు ఒకటే కనిపించింది. అందరికీ ఒకే గ్రూపు, ఒకే అక్షరాలు, ఒకే మీట. అందులో చేరడానికి చెల్లించే వెల మాత్రం అందరికీ ఒకటి కాదు.

*

ఇప్పుడు అసలు ప్రశ్న దగ్గరికి వస్తాం. ఆ పది నిమిషాల్లో మేమే ఎందుకు జవాబు చెప్పలేదని మిత్రులు అడగవచ్చు. చెప్పి వుంటే ఏం చెప్పాలి? మేం పళ్ల మీద ఉమ్మం అని చెప్పాలా? ఆ వాక్యం ఒకసారి పైకి చదువుకోండి. అది చెప్పడమే ఒక ఓటమి. నింద ఎంత నీచమైనదైతే దానికి సంజాయిషీ ఇచ్చుకోవడం అంత నీచంగా వుంటుంది. ఒక ముసలాయన నిజంగానే తప్పు చేశాడనుకుందాం. అతను తప్పు చేశాడు. 'వీళ్లు' ఎట్లా చేశారు? ఒక రెడ్డిగారు, ఒక శర్మగారు కల్తీ చేస్తే ఆ మనిషి పేరు పేపర్లో వస్తుంది. మా దాకా వచ్చేసరికి ఏకవచనం బహువచనమవుతుంది. మా వ్యాకరణం మా చేతుల్లో లేదు.

2020 మార్చి, ఏప్రిల్ నెలలు మేం మరచిపోలేదు. ఢిల్లీ నిజాముద్దీన్ తబ్లిగీ జమాత్ సమావేశం తర్వాత రోగానికే మా పేరు పెట్టారు. కూరగాయల బండివాడిని ఆధార్ కార్డు అడిగిన వీధులున్నాయి. ఆ యేడు ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాత్ సభ్యుల మీది కేసులు కొట్టేసింది. వాళ్లను బలిపశువులను చేయడానికి ఎంచుకున్నట్టు కనిపిస్తోందని కూడా అంది. తీర్పు వచ్చింది. వీడియో చేరిన ఫోన్లన్నిటికీ ఆ తీర్పు చేరిందా? ఆ వీడియో పంపిన వేళ్లు ఆ తీర్పు పంపాయా? కోర్టు జవాబు చెప్పగలదు గాని, కోర్టు మన పక్కింట్లో వుండదు.

మా పెద్దవాళ్లు చిన్నప్పుడు నేర్పిన ఒక సంగతి వుంది. సలాం చెప్పడం మంచి పని, సలాంకు జవాబివ్వడం బాధ్యత. చెప్పనివాడు ఒక మంచి పని వదులుకున్నాడు, జవాబివ్వనివాడు అప్పు ఎగ్గొట్టాడు. చిన్న మర్యాదలాగా కనిపించే ఈ మాటలో మాకు పెద్ద నీతి కనిపిస్తుంది. ఒక మాట మన దాకా చేరగానే మన మీద ఒక బాకీ పడుతుంది. చెవిన పడ్డ తర్వాత విననట్టు వుండే హక్కు మనిషికి లేదు. ఖుర్ఆన్ హుజురాత్ సూరా ఆరో ఆయతులో, నమ్మదగనివాడు వార్త తెస్తే విచారించుకోవాలని వుంది. లేకుంటే తెలియక ఒక జనానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడాల్సి వస్తుందని హెచ్చరిక వుంది. ఇది మతం మాట అని పక్కన పెట్టాల్సిన పనిలేదు. నాస్తిక మిత్రుడు తన హేతువుతో వచ్చినా ఇక్కడికే వస్తాడు.

అయితే జవాబు బాకీ అందరి మీదా ఒకేలా పడదు. నింద మోస్తున్నవాడి మీద తక్కువ. నింద పడనివాడి మీద ఎక్కువ. ఎందుకంటే మా మాటను ఎవరు నమ్ముతారు? తన గురించి తాను చెప్పుకునే మాట సంజాయిషీ. పక్కవాడి గురించి చెప్పే మాట సాక్ష్యం. ఆ రెంటి బరువు వేరు. ఆ హాల్లో ముప్పయ్యేళ్లుగా మా ఇళ్లలో రంజాన్ ఖీర్ తాగినవాళ్లున్నారు. మా అమ్మల చేతి పలావ్ తిన్నవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరు, నేను వీళ్ల ఇంట్లో తిన్నాను, ఈ మాట అబద్ధం అని ఒక్క ముక్క రాసి వుంటే చాలు. ఆ ముక్క రాయడానికి వాళ్లకు అర నిమిషం పట్టేది. దాన్ని మేం బతికినన్నాళ్లూ తలచుకునేవాళ్లం.

మా లౌకికవాద మిత్రులు దీనికి మూడు మాటలు చెప్తారు. మాకు ఆ మూడూ తెలుసు.

ఒకటి, చెత్తకు జవాబిస్తే చెత్త పెరుగుతుంది, వదిలేస్తే అదే చస్తుంది. నిజమే, కొన్ని చస్తాయి. కానీ ఆ మౌనాన్ని హాల్లో వందమంది వంద రకాలుగా చదువుకున్నారు. ఆ తమ్ముడు ఒప్పుకోలు అని చదువుకుని వుండవచ్చు. వెనక వరస అమ్మాయిలు ఒంటరితనం అని చదువుకున్నారు. మౌనంగా వుండేవాడు తన మౌనానికి అర్థం తానే రాసుకోలేడు.

రెండు, గొడవ చేస్తే సంబంధాలు చెడతాయి. ఏ సంబంధాలు? మా మీద ఉమ్మి వేసిన మాటను మింగి మేం నిలబెట్టుకునే సంబంధంలో మా వాటా ఏమిటి? దసరా నాడు, పీర్ల పండగ నాడు తెలంగాణలో అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటాం. ఛాతీకి ఛాతీ తగలాలి. దూరంగా చేతులూపితే అది అలాయ్ బలాయ్ కాదు. తగాదా పడినవాళ్లు కూడా ఆ రోజు కలుస్తారు. తగాదా వుందని ఒప్పుకుంటేనే గదా ఆ కలయికకు అర్థం.

మూడు, మేం మీవాళ్లమే, ప్రత్యేకంగా చెప్పాలా? చెప్పాలి. ఇంట్లో చెప్పడం వేరు, వందమంది వున్న చోట చెప్పడం వేరు. మా చెవిలో "మేమున్నం భాయ్" అనేవాళ్లు మాకు ఎప్పుడూ కొదవ లేరు. మాకు కావాల్సింది అవతలివాడి చెవిన పడే మాట.

*

ఇక్కడ ఆపేస్తే ఈ వ్యాసం మాకు సుఖంగా వుంటుంది. కానీ సాక్ష్యం విషయంలో ఖుర్ఆన్ నిసా సూరా 135వ ఆయతు మమ్మల్ని సుఖంగా వుండనీయదు. న్యాయం కోసం సాక్ష్యం చెప్పండి, అది మీకే వ్యతిరేకమైనా, మీ తల్లిదండ్రులకూ దగ్గరి బంధువులకూ వ్యతిరేకమైనా సరే అన్నది ఆ ఆయతు సారం.

మాకూ గ్రూపులున్నాయి. మొహల్లా గ్రూపు, ఖాన్‌దాన్ గ్రూపు, బడి దోస్తుల గ్రూపు. ఉర్దూ మాటలు తెలుగు లిపిలో టైపు చేసుకునే ముచ్చటైన గ్రూపులు. తాతల భాష నోట్లో వుండి లిపి చేతికి రాని మాలాంటివాళ్లకు అవే ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఏమేం నడుస్తాయో మాకు తెలుసు. దూదేకులవాళ్లు సగం ముస్లింలని, వాళ్లకు ఉర్దూ రాదని వేసే జోకులు. షియాల మీద మాటలు. కథ రాసిన, కవిత చదివిన ఆడపిల్ల మీద ఫత్వా లాంటి తీర్పులు. వ్యాక్సిన్ వేసుకుంటే పిల్లలు పుట్టరన్న భయాలు. హిందువులంతా ఇట్లాంటివాళ్లే అని మొదలయ్యే గొంతు మెసేజ్‌లు. వాళ్లు మమ్మల్ని బహువచనం చేసినట్టే మేం వాళ్లను బహువచనం చేస్తాం.

మాలో ఒకరు అట్లాంటి గ్రూపుకు అడ్మిన్. ఒక రాత్రి దూదేకుల జోకు ఒకటి వచ్చింది. నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. గ్రూపులో దూదేకుల మిత్రుడొకడున్నాడు. తెల్లారేసరికి అతను వెళ్లిపోయినట్టు ఒక చిన్న గీత. "పెద్దవాళ్లు నవ్వుతున్నారు, మధ్యలో నేనేం చెప్తా" అనుకుని అడ్మిన్ ఊరుకున్నాడు. ఆ మిత్రుడికి ఫోన్ చేయడానికి మొహం చెల్లక రోజులు గడిపాడు. నల్లగొండ హాల్లో మా మీద పడిన మౌనం ఎట్లాంటిదో అతనికి ముందే తెలుసు. దాన్ని తన చేతులతో ఇంకొకరి మీద వేసినవాడు గనక.

కులం లేదని చెప్పుకునే మాలో అష్రాఫ్‌లున్నారు, పస్మాందాలున్నారు. మైనారిటీలో మైనారిటీ వుంటుంది. అందులో ఆడది ఇంకో మైనారిటీ. ఎవరి మీదా పడనప్పుడు మాట్లాడడం ఉపన్యాసం. తనవాళ్ల నోటి నించి ఇంకొకరి మీద పడుతున్నప్పుడు అడ్డం పోవడమే సాక్ష్యం. మేం లౌకిక మిత్రులను అడుగుతున్నది ఇదే. మమ్మల్ని మేం అడుక్కుంటున్నదీ ఇదే. రెంటికీ ఒకే తూకంరాయి వుండాలి. లేకపోతే మా ఫిర్యాదు ఉత్త ఏడుపవుతుంది.

*

సాయంత్రం సభ అయిపోయింది. శాలువాలు కప్పారు. ఫొటోలు దిగాం. అందులో ఆ తమ్ముడూ వున్నాడు. బస్టాండు దాకా మమ్మల్ని దిగబెట్టడానికి అతనే వచ్చాడు. బస్సుకు ఇంకా టైముంది. కాసేపు అటూ ఇటూ నడిచి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, పొద్దుగాల ఎవరో పంపిన్రు. నేను సూడకుండనే పంపిన. మీరున్నరని యాద్ లేదు" అన్నాడు.

అతని మొహంలో సిగ్గుంది. అది నటన కాదు. మేం నలుగురం ఒకేసారి అన్నాం: "పర్వాలేదు తమ్మీ."

బస్సు కదిలింది. గంటసేపు మాలో ఎవరూ మాట్లాడలేదు. అతని మాటలో రెండు సంగతులున్నాయి. చూడకుండా పంపడం ఒకటి. మేమున్నామని గుర్తులేకపోవడం రెండోది. మేం వున్నామని గుర్తుంటే పంపేవాడు కాడు. అంటే మేం లేని గ్రూపుల్లో పంపేవాడే. అతను క్షమాపణ చెప్పింది మా ముందు పంపినందుకు. అబద్ధం పంపినందుకు కాదు. ఆ తేడా అతనికి చెప్పే అవకాశం మా చేతికి వచ్చింది. ఎదురుగా మనిషి వున్నాడు, సిగ్గుపడుతున్నాడు, వినడానికి సిద్ధంగా వున్నాడు. ఏ యంత్రమూ అడ్డంలేదు. మేం పర్వాలేదు అని దాన్ని పారేసుకున్నాం. మర్యాద అనుకున్నాం. అలసట అది. భయం కూడా అది. మంచి ముస్లింలు అనిపించుకోవాలన్న పాత అలవాటు అది. ఆ పూట హాల్లో ఊరుకున్న వందమందిని తప్పు పట్టిన మేం, బస్టాండులో వాళ్లలాగే ఊరుకున్నాం. వాళ్లది మౌనం, మాది చిరునవ్వు.

తెలుగులో కొన్ని మాటలు మా వైపు నించి వచ్చి అందరివీ అయ్యాయి. జవాబు అట్లాంటిదే. జవాబుదారీ అట్లాంటిదే. పర్వా కూడా అట్లాంటిదే. ఈ మూడు మాటలూ ఒక ముస్లిం నోట, ఒక హిందువు నోట ఒకేలా పలుకుతాయి. ఎవరూ వాటి పేరూ ఊరూ అడగరు. మాటలు కలిసిపోయినంత తేలికగా మనుషులు కలవరు. మనుషులు కలవాలంటే ఒకరి గురించి ఒకరికి పర్వా వుండాలి. ఒకరి మీద పడిన మాటకు ఇంకొకరు జవాబు చెప్పాలి. ఒకే గ్రూపులో వున్నామన్నది ఆ తర్వాతి సంగతి.

ఆ తమ్ముడికి ఈ వ్యాసం చేరుతుందని అనుకుంటున్నాం. ఆ సభ గ్రూపు ఇంకా నడుస్తోంది. రోజూ శుభోదయాలు వస్తున్నాయి. ఇందులో వాళ్ల పేరు లేదు, ఊరు లేదు. అచ్చయ్యాక మేమే అందులో పెడతాం, మా పేర్లతో.

తమ్మీ, నువ్వు బతిమాలి పెట్టిన అన్నం మేం మరచిపోలేదు. అందుకే బస్టాండులో అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాం. పర్వా వుంది. ఈసారి అది ఇంకో గ్రూపులో, మేం లేని చోట వచ్చినప్పుడు నువ్వేమంటావో మాకు పర్వా వుంది.